కోతుల కొండ మీద మొండన్న గొంతు

ఎవరిని ఇంటికి పంపుదామా అని కంపెనీలన్నీ వెతుకుతున్న రోజులవి. అలాంటి రోజుల్లో నన్ను పంపండి మహాప్రభో అని కాళ్లావేళ్లా పడ్డా పంపని మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన మా మొండన్న.

మొండయ్యది కొండగట్టు దగ్గర మా పక్క ఊరు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను సౌదీలో ఖమీస్ ముషైత్ పట్టణం నుంచి కొండ మీది పార్కుకు నీళ్ల ట్యాంకరు తోలేవాణ్ణి. ఆయన ఆ పార్కులోనే కుక్కలతో కోతులను తరిమే పని చేసేవాడు. ఊళ్లో ఎవరైనా ఏం పని అని అడిగితే "సెక్యూరిటీ" అనేవాడు. సెక్యూరిటీయే కదా, అబద్ధమేముంది?

సౌదీ అంటే ఇసుక, ఒంటెలు అనుకునేవాళ్లకు ఈ ప్రాంతం అర్థం కాదు. ఇక్కడ కొండలున్నాయి, పొగమంచుంది, చలి ఉంది. అన్నిటికీ మించి కోతులున్నాయి. మన ఊరి కోతులు వీటి ముందు పసిపిల్లలు. మగ కోతికి భుజాల మీద నెరిసిన జూలు, కుక్క మూతి, వేలంత కోరలు. సెలవులకు వచ్చే కుటుంబాలు చెట్ల కింద తివాచీలు పరుచుకుని భోజనానికి కూర్చుంటే, ఈ కోతులు లోయ అంచు నుంచి గుంపులుగా ఎక్కి వచ్చి పళ్లెం మధ్యలో చెయ్యి పెట్టేవి. తప్పంతా వాటిదే అననులెండి. కారు అద్దం దించి రొట్టెలు విసిరి, ఫోటోలు తీసుకుని, వాటికి భయం పోగొట్టింది మనుషులే. తర్వాత అమ్మో కోతి అని అరిచేదీ వాళ్లే.

అందుకని పార్కు నడిపే మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, మూడు వేటకుక్కలను తెప్పించాడు. వాటికి తర్ఫీదు ఇవ్వడానికి ఒక సిరియా మనిషిని పెట్టాడు. కోతిని చంపకూడదు, కరవకూడదు. గుంపు కనబడగానే కుక్కలు మొరుగుతూ వెంటపడాలి, లోయ అంచుకు ముందు సున్నం వేసిన రాళ్ల వరుస దాకా తరమాలి, అక్కడ ఠక్కున ఆగి వెనక్కి రావాలి. రోజూ ఇలా జరిగితే, మనుషులున్న చోటికి వెళ్తే పరుగు తప్పదని కోతులకు తెలుస్తుంది. అదే పద్ధతి. కష్టమంతా ఆగడంలోనే ఉంది. రాళ్లు దాటితే దిగుడు మొదలవుతుంది, అక్కడ మగ కోతులు వెనక్కి తిరుగుతాయి. అప్పుడు కుక్క బతికి వస్తే గొప్ప.

మొండన్నను మొదట ఆ కుక్కల గదులు కడగడానికి పెట్టారు. మా క్యాంపులో ఎక్కువమంది నమాజు చేసుకునేవాళ్లు. కుక్క చొంగ తగిలితే కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి, పనిలో అదెక్కడ కుదురుతుంది? అందుకని ఆ పని మొండన్నకు వచ్చింది. సిరియా మనిషి తన దారి తాను చూసుకున్నాక కుక్కలు కూడా ఆయన చేతికే వచ్చాయి.

నితాఖత్ అనే మాట మా నోళ్లలో నానుతున్న కాలమది. సౌదీవాళ్లను ఇంతమందిని పెట్టుకోకపోతే కంపెనీ ఎరుపు జాబితాలో పడుతుంది, ఎరుపులో పడితే కొత్త వీసాలుండవు, పాతవాళ్ల అకామాలకు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులకు, దిక్కుండదు. ఎవరి పేరు పోతుందో తెలియక అందరం బిక్కుబిక్కుమంటున్నాం. అప్పుడు మొండన్న ఒక తెలివైన పని చేశాడు. సిరియా మనిషి వదిలిపోయిన ఈలను లోయలోకి గిరాటేశాడు. అరబ్బీలో నేర్చిన మాటలన్నీ కుక్కల చేత మరిపించి, మన మాటలు నేర్పాడు. ఉసిగొల్పడానికి "ఉస్కో", నిలపడానికి "ఆగు బిడ్డా", వెనక్కి పిలవడానికి "ఇగ రా". కుక్కల పేర్లు కూడా మార్చేశాడు. మల్లిగాడు, నల్లోడు, గంగి.

"ఇగ చూడు తమ్మీ, నన్నెట్ల తీస్తరో. నేను లేకుంటే ఈ కుక్కలు ఎవ్వని మాట ఇనయ్" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

నేను భలే అన్నాను. ఆ రోజు ఎవరైనా భలే అనేవాళ్లే.

ఆయన కుక్కలు ఆగినంత ఖచ్చితంగా నేను మనుషులు ఆగడం కూడా చూడలేదు. దానికి కారణం తర్ఫీదు ఒక్కటే కాదు. కొండగట్టు అంజన్నకు మొక్కేవాడు కోతుల మీదికి కుక్కలను వదులుతున్నాడు కదా, ఆ బాధ ఉండేది. పొద్దున కుక్కలను విప్పే ముందు లోయ వైపు తిరిగి దండం పెట్టేవాడు. "తప్పయితే నాది తండ్రీ, కుక్కలది కాదు. ఒక్క కోతి మీద పన్ను పడనియ్య" అనేవాడు. పడనివ్వలేదు కూడా. పాపభయంతో నేర్పిన విద్య కాబట్టే అంత బాగా అబ్బింది.

ఏళ్లు అలా గడిచాయి. కుక్కలను ఎవరికీ అప్పగించలేక మొండన్న సెలవుకు కూడా ఊరికి పోలేదు. తర్వాత లెవీలు వచ్చాయి. పరాయి దేశపు మనిషి ఒక్కొక్కడికి కంపెనీ నెలనెలా సర్కారుకు కట్టాలి. మా కఫీల్ చేతులెత్తేశాడు. వంటవాళ్లు, తోటమాలులు, మేస్త్రీలు ఒకరి తర్వాత ఒకరు సామాను కట్టుకుని వెళ్లిపోయారు. క్యాంపు ఖాళీ అయిపోయింది. ఆరుగురు పడుకునే గదిలో నేను, మొండన్న, ఫోర్‌మన్ గౌస్ మొహిద్దీన్ మిగిలాం. గౌస్‌భాయ్ నిజామాబాద్ మనిషి, అరబ్బీ బాగా వచ్చు కాబట్టి కఫీల్‌కు మాకు మధ్య నోరు ఆయనే.

సరిగ్గా ఆ సమయానికే ఊళ్లో మొండన్న భార్య పోశమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. వాళ్లకు పిల్లల్లేరు. పోశమ్మ చెల్లెలు భాగ్యలక్ష్మి తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకుంది. మనుషులను కూడా సరిగ్గా పోల్చుకోవడం లేదట. ఎవరు ముద్ద పెట్టబోయినా నోరు బిగబట్టి మొహం తిప్పుకునేదట. మొండన్న ఫోను చేస్తే భాగ్యలక్ష్మి తన మీటల ఫోనును అక్క చెవి దగ్గర పెట్టేది. "పోశీ, నేనే. తిను, ఇంత తిను" అని ఈయన ఇక్కణ్ణుంచి అంటే, అక్కడ ఆమె నోరు తెరిచేది. కుక్కలకు మధ్యాహ్నం తిండి పెట్టి, చేతులు కడుక్కుని, రాయి మీద కూర్చుని, రోజూ భార్యకు అన్నం తినిపించేవాడు మొండన్న. నేను ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉండేవాణ్ణి కాబట్టి అన్నీ వినబడేవి. వినబడనట్టు పైపు వైపు చూసేవాణ్ణి.

ఇంటికి పోతానని కఫీల్‌ను అడిగాడు. ఖురూజ్ కొట్టివ్వమన్నాడు, మళ్లీ రానన్నాడు. కఫీల్ ఇచ్చే ఆ ముద్ర లేనిదే దేశం దాటనివ్వరు. కఫీల్ చెడ్డవాడేం కాదు, పోశమ్మ సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ ఒప్పుకోలేదు. ఆయన మాటను గౌస్‌భాయ్ మాకు చెప్పాడు.

"చూడు మొండయ్యా, ఆయన అనేది గిది. కుక్కలు నీ మాట తప్ప ఎవ్వరి మాట ఇనవు. రేపు ఒక కుక్క పిల్లగాని మీద పడితే పార్కు బంద్ అయితది. కొత్త మనిషిని తెద్దమంటె వీసా లేదు. ఇంకెవరి మాటకైనా ఆ రాళ్ల కాడ ఆగినట్టు చూపెట్టు, ఆ దినమే ఖురూజ్ కొట్టిస్త అంటున్నడు."

మొండన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "నేనే జేసుకున్న గదనే భాయ్. నా బొంద నేనే తవ్వుకున్న" అన్నాడు.

అందరూ ఏడుస్తూ వెళ్తుంటే ఈయన ఏడుస్తూ ఉండిపోయాడు. ఆయన లెవీ మాత్రం కఫీల్ తప్పకుండా కట్టేవాడు. ఎంత గౌరవమో చూడండి! నాకైతే ఒళ్లు మండిపోయేది.

భాష నాకూ వచ్చు కదా, నేను నేర్చుకుంటానన్నాను. ట్యాంకరు పని అయ్యాక రోజూ కుక్కల దగ్గర కూర్చున్నాను. తిండి పెట్టాను, ఒళ్లు రుద్దాను. నేను ఉస్కో అంటే పరుగెత్తేవి. పరుగెత్తడానికేం, ఆ మాట ఎవరు అన్నా పరుగెత్తుతాయి. ఆగు బిడ్డా అంటే మాత్రం నా వైపు ఒకసారి చూసి, మొండన్న కోసం అటూఇటూ వెతికేవి. మాటలవే, యాస కూడా అదే, గొంతు వేరు. ఒకరోజు మొండన్నను దూరంగా నిలబెట్టి నేనే వదిలాను. మల్లిగాడు, గంగి తడబడి ఆగాయి. నల్లోడు ఆగలేదు. నేను గొంతు చించుకుంటున్నా రాళ్లు దాటి దిగిపోయాడు.

మొండన్న పరుగెత్తి వచ్చి అరిచేసరికి వాడు తిరిగి పైకొచ్చాడు కానీ, భుజం నుంచి పక్కటెముకల దాకా చీరుకుపోయి ఉంది. పశువుల డాక్టరు కుట్లు వేస్తుంటే మొండన్న వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఏమీ గాదు బిడ్డా, ఏమీ గాదు అంటూ ఉన్నాడు. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

"వద్దు తమ్మీ. నేను పోవుడు గురించి వీటిని సంపలేను" అన్నాడు ఆ సాయంత్రం. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, అలసట. ఇంకెవరినీ ఏమీ అడిగే ఓపిక లేని మనిషి గొంతు అది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఊసే ఎత్తలేదు. పొద్దున దండం పెట్టడం, కుక్కలను వదలడం, మధ్యాహ్నం ఫోనులో అన్నం తినిపించడం. కట్టు విప్పాక నల్లోడు కొంచెం కుంటుతూ మళ్లీ పనిలోకి వచ్చాడు.

ఉపాయం గౌస్‌భాయ్‌కి తట్టింది. ఆ రోజు కూడా మొండన్న రాయి మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. గౌస్‌భాయ్ నా పక్కన టీ తాగుతూ ఆయన్నే చూస్తున్నాడు.

"కుమార్, ఆ పోశమ్మ అక్కడ గొంతు ఇని అన్నం తింటున్నది గదా. మనిషి లేకున్నా తింటున్నది" అన్నాడు.

"అవును."

"మరి కుక్కలు ఇనవా?"

పార్కులో పిల్లలు తప్పిపోతే పిలవడానికి స్తంభాలకు మైకులున్నాయి. ఒకటి సరిగ్గా తెల్ల రాళ్ల దగ్గరే ఉంది. మొండన్న గొంతు ఫోనులో ఎక్కించి అందులోంచి వినిపిద్దామన్నాడు గౌస్‌భాయ్. మొదట ట్యాంకరు క్యాబిన్‌లో కూర్చోబెట్టి ఎక్కించాం. పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది, కుక్కలు చెవి కూడా కదపలేదు. అప్పుడు ఆయన నిజంగా కుక్కలను వదిలి అరుస్తుంటే నేను పక్కనే ఫోను పట్టుకుని పరుగెత్తాను. గాలి మోత, మొరుగుళ్లు, ఆయన ఆయాసం అన్నీ అందులో పడ్డాయి. అది పనికొచ్చింది, మాటకొక మీట చొప్పున మైకుకు కలిపాం. రోజూ నేను మైకు మోగిస్తుంటే, పక్కన మొండన్న నిలబడేవాడు. తర్వాత కొంచెం దూరంలో, తర్వాత చెట్టు చాటున.

కఫీల్ చూడ్డానికి వచ్చిన రోజు మొండన్నను ట్యాంకరు క్యాబిన్‌లో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించాం, వాసన తగలకుండా. కోతుల గుంపు అంచు మీదికి వచ్చింది. నేను కుక్కలను విప్పి మీట నొక్కాను. ఉస్కో అంది మైకు. మూడూ దూసుకెళ్లాయి. రాళ్లు దగ్గరపడుతున్నాయి, నల్లోడు అందరికంటే ముందున్నాడు. రెండో మీట నొక్కాను.

"ఆగు బిడ్డా!"

ఆగాయి. ముగ్గురూ ఆగారు. నల్లోడి ముందుకాళ్లు రాళ్లకు ఇవతలే ఉన్నాయి. ఇగ రా అనగానే వెనక్కి తిరిగాయి. కానీ నా దగ్గరికి రాలేదు. స్తంభం కిందికి వెళ్లి కూర్చుని, మైకు వైపు తలలెత్తి తోకలాడించసాగాయి.

కఫీల్ చప్పట్లు కొట్టాడు. నేను ట్యాంకరు వైపు చూశాను. మొండన్న అద్దానికి నుదురు ఆనించి కుక్కలను చూస్తున్నాడు. బయటికి వచ్చి వాటిని ముట్టుకోవడానికి లేదు, ముట్టుకుంటే పరీక్ష చెడిపోతుంది. ఆయన గెలిచాడు. గెలిచిన మొహం అలా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

కఫీల్ మాట తప్పలేదు, ఖురూజ్ ఇచ్చాడు. వెళ్లే రోజు మొండన్న కుక్కల గది దగ్గరికి పోలేదు. పోతే ఉండిపోతానేమోనన్నాడు.

ఇప్పుడు ట్యాంకరుతో పాటు ఆ మీటలు కూడా నా పనే. పార్కుకొచ్చే పిల్లలు ఒకరినొకరు తరుముకుంటూ "ఆగు! ఆగు!" అని అరుస్తుంటారు, అది ఏ భాషో వాళ్లకు తెలియదు. కోతులు కూడా ఆ గొంతు వింటేనే సర్దుకుంటాయి. కుక్కలు పని అయ్యాక స్తంభం కిందే కూర్చుంటాయి, మెడకు తాడు వేసి లాక్కొచ్చేదాకా లేవవు.

మొండన్న వెళ్లిన కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట నాకు ఫోను చేశాడు. మొదట కుక్కల సంగతే అడిగాడు.

"మంచిగున్నయన్నా. నాతోని కలిసిపోయినయ్" అని అబద్ధం చెప్పాను. "వదినె ఎట్లున్నది? నిన్ను చూసి సంబురపడ్డదా?"



"నన్ను గుర్తువట్టలే తమ్మీ. నేను పోయినప్పుడు నల్ల మీసం. ఇప్పుడు తల నెరిసె, పండ్లు ఊడె. నేను ముద్ద పెట్టవోతే మొకం తిప్పుకుంటది. దగ్గర కూసోని పోశీ అని పిలిస్తే, నన్ను చూసుడు కాదు, భాగ్య చేతిల ఫోన్ దిక్కు చూస్తది."

స్తంభం కింద నల్లోడు తలెత్తి కూర్చుని ఉన్నాడు.

"మరెట్లన్నా?" అన్నాను.

"ఎట్లేముంది. వాకిట్లకొచ్చి ఫోన్ జేస్తున్న. భాగ్య చెవి కాడ పెడతది, తింటది. కిటికీల కెళ్లి చూస్తుంట" అన్నాడు మొండన్న. "సరే తమ్మీ, ఉంట మరి. ఆమె అన్నం యాళ్లయింది, ఫోన్ జెయ్యాలె."