కడిగి ఇచ్చిన రికార్డర్

ముప్పై నాలుగేళ్ల వయసులో నేను రికార్డర్ ఊదడం నేర్చుకున్నాను. సరదాకి కాదు, ఉద్యోగం పోకుండా ఉండడానికి. అందుకే కాబోలు, దాని పేరు చెబితే ఈనాటికీ నాకు పాట గుర్తుకు రాదు. నడుం నొప్పి గుర్తుకొస్తుంది.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నేనూ, మా అత్తగారూ, ఇద్దరు ఆడపిల్లలూ. మావారు పనిచేసే కంపెనీ ఆ ఏడాది తెలంగాణ గొడవల్లో ఇక్కడి ఆఫీసు మూసేసింది. ఆయన వేరే పని వెతుక్కోవడానికి విజయవాడ వెళ్లారు. నెలలు గడుస్తున్నా ఇదిగో దొరుకుతోంది, అదిగో దొరుకుతోంది అనే ఉత్తరాలే వచ్చేవి. ఇల్లంతా నా ఉద్యోగం మీద నడిచేది. అదైనా గట్టిదా అంటే అదీ కాదు. నారాయణగూడలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బళ్లో నేను టెంపరరీ టీచర్ని. తెలుగూ లెక్కలూ నావి. ఏ టీచరు రాకపోతే ఆవిడ క్లాసు కూడా నాదే.

అరవై తొమ్మిదిలో గొడవలకి బడి నెలల తరబడి మూతపడింది. తిరిగి తెరిచేసరికి చాలా బెంచీలు ఖాళీ. మా హెడ్మిస్ట్రెస్ మద్రాసులో చదువుకున్న పెద్దావిడ, ఎంత కష్టమైన మాటనైనా గొంతు పెంచకుండా చెప్పేవారు. ఒకరోజు నన్నూ, నాలాగే టెంపరరీగా ఉన్న ఇంకో అమ్మాయినీ తన గదికి పిలిపించి, వచ్చే టర్ము నుంచి మీ ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకోగలను అన్నారు. ఎవరిని అన్నది తేల్చడానికి ఆవిడకి ఒక దారి దొరికింది. ఎవరో దాత పిల్లల కోసం పెట్టెడు రికార్డర్లు పంపుతానన్నారట. నమూనాకి ఒకటి ముందుగా వచ్చింది. దాన్ని మేమిద్దరం పంచుకుని ఆరు వారాలు సాధన చెయ్యాలి. ఆవిడే మాకు వేళ్లు పెట్టడం చూపిస్తారు. ఆరు వారాలయ్యాక ఎవరు బాగా ఊదితే వాళ్లే పిల్లలకి నేర్పుతారు, వాళ్ల ఉద్యోగమే ఉంటుంది.

రికార్డర్ అనగానే మా ఇంట్లోవాళ్లు పాటలు వినే టేప్ రికార్డర్ అనుకున్నారు. మా అత్తగారు బల్ల మీద దానికి చోటు కూడా చేసి పెట్టారు. నేను సంచిలోంచి మూరెడు కూడా లేని చెక్క పీక బయటికి తీసేసరికి ఆవిడ మళ్లీ మరచెంబు తెచ్చి అక్కడ పెట్టేశారు. అది పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టుకునేది కాదు. సన్నాయిలా నిలువుగా పట్టుకుని ఊదాలి. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి.

మొదటిరోజే హెడ్మిస్ట్రెస్ ఒక నియమం చెప్పారు. నీళ్లు తగలనివ్వకూడదు. ఊదాక పొడిగుడ్డతో తుడవాలి, అంతే. చెక్క నీళ్లు పీల్చుకుంటే గొంతు పోతుందన్నారు. మేమిద్దరం బుద్ధిగా తలలూపాం. వరండాలోకి వచ్చి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉన్నది ఒక్కటి, ఊదేది ఇద్దరం. ఒకరు నోట్లో పెట్టుకున్నది ఎంత తుడిచినా ఎంగిలే కదా, ఇంకొకరు నోట్లో ఎలా పెట్టుకుంటారు? ఈ మాట ఆవిడతో అనే ధైర్యం ఇద్దరికీ లేదు. అంటే, చదువుకున్న వాళ్లు కూడా ఇలా ఉంటారా అని ఆవిడ చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వు మాకు తెలుసు.

"నల్లా కింద మంచిగ కడిగి ఇచ్చుకుందాం అక్క. మేడమ్‌కు చెప్పేదేముంది," అంది ఆ అమ్మాయి.

మా ఇంట్లో కుళాయి అంటాం, వాళ్లు నల్లా అంటారు. ఎంగిలి మాత్రం రెండు ఇళ్లలోనూ ఎంగిలే. ఎవరి రోజున వాళ్లు ఇంటికి తీసుకెళ్లి, ఊదడం అయ్యాక కుళాయి కింద పైనుంచి కింది దాకా కడిగి, ఉతికిన గుడ్డలో చుట్టి, పొద్దున్నే బళ్లో రెండోవాళ్లకి ఇవ్వాలి. అదీ ఒప్పందం. ఆరు వారాల్లో ఒక్కరోజు కూడా మేం అది తప్పలేదు.

ఆ అమ్మాయిది అశోక్ నగర్, నాలా కాలువ మీది వంతెన దాటాక నాలుగో ఇల్లు. ఎన్నో తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. పగలు బళ్లో పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో బీఏ చదివేది. ఉద్యోగం ఉన్నన్నాళ్లు చదువుకోవడానికి వాళ్ల బాపు ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోతే చదువూ లేదు, కరీంనగర్ సంబంధం సిద్ధంగా ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. నా ఇంటి సంగతి ఆ అమ్మాయికి తెలుసు. అవన్నీ చెప్పుకుంటూనే రోజూ కలిసి ఇంటికి నడిచేవాళ్లం. మా సందు మొదటి దాకా వచ్చి, అక్కడి నుంచి తను వంతెన వైపు వెళ్లిపోయేది.

అంతకు ముందు, బడి ఇంకా మూతపడకముందు గొడవలు ముదురుతున్న రోజుల్లో కూడా అలాగే నా పక్కనే నడిచింది. గోడల మీద ఆంధ్రా వాళ్ల గురించి రాతలుండేవి. నాకు భయంగా ఉండేది. "నువ్ మాట్లాడకు అక్క, ఎవరన్న అడిగితే నేను మాట్లాడుత. నీ మాట ఇంటే తెలిసిపోతది," అనేది. నేను నోరు మూసుకుని తల దించుకుని నడిచేదాన్ని. కాలేజీకి ఆలస్యమవుతున్నా నన్ను సందులోకి పంపాకే కదిలేది.

ఇక నా సాధన సంగతి. బడి నుంచి నడిచొచ్చి, దారిలో కూరలు కొని, పిల్లల కాళ్లూ చేతులూ కడిగించి, కిరసనాయిలు స్టవ్ మీద అన్నం పడేసి, అది ఉడికేలోపల వంటింటి తలుపు వేసుకుని ఊదేదాన్ని. ప్రతి స్వరానికీ నాలుకతో "తు" అనాలి. తు, తు, తు. నేను లోపల ఎవరిమీదో ఉమ్మేస్తున్నట్టు బయటికి వినిపిస్తోందని మా అత్తగారు రెండో రోజే చెప్పారు. గట్టిగా ఊదితే కీచుమనేది, మెల్లగా ఊదితే మూలిగేది. నాకేమో మధ్యస్తంగా ఊదే ఓపిక ఉండేది కాదు. పొద్దుటి నుంచి క్లాసుల్లో అరిచి అరిచి వచ్చిన గొంతు, మిగిలిన ఊపిరి ఎంతని? ఒక్కోసారి రెండు స్వరాలు ఊది నడుం నొప్పికి గోడకి చేరబడి కూర్చునేదాన్ని. అన్నం మాడిన వాసన వస్తే లేచేదాన్ని.

చిన్నప్పుడు కాకినాడలో మూడేళ్లు సంగీతం చెప్పించారు. అది పనికొస్తుందనుకున్నాను. అదే నా కొంప ముంచింది. ఏ స్వరం ఊదినా వేలు దానంతటది కదిలి గమకం పడేది. హెడ్మిస్ట్రెస్ కళ్లు మూసుకుని, వణకకూడదమ్మా, తిన్నగా నిలబడాలి అనేవారు. వేలికి అర్థమయ్యేది కాదు. ఆ అమ్మాయికి సంగీతం ఒక్క ముక్క కూడా రాదు. అందుకే ఏది చూపిస్తే అది చూపించినట్టే ఊదేది. మూడో వారానికే కింది స్వరాలు కూడా శుభ్రంగా పలికించింది. నా చిటికెన వేలు ఆఖరి రంధ్రాన్ని పూర్తిగా మూయడానికే అయిదో వారం వచ్చింది. బాగా ఊదేది ఎవరో నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు, హెడ్మిస్ట్రెస్‌కీ తెలుసు. నాకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

నాలుగో వారంలో ఒకరోజు సాయంత్రం కడగడం మర్చిపోయి పొద్దున్న కడిగాను. ఎందుకో అనుమానం వచ్చి ఒకసారి ఊది చూశాను. బుడబుడమని నీళ్ల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పాడుచేశాననుకున్నాను. విదిలించాను, చీర చెంగుతో లోపలికి తుడిచాను. లాభం లేకపోయింది. పిల్లలకి జడలు వేసి, అన్నాలు పెట్టి, భయంభయంగా మళ్లీ ఊదితే మామూలుగా పలికింది. తడిగా ఉన్నంతసేపూ పలకదు, అరగంట ఆరితే పలుకుతుంది. ఎంగిలి కాకూడదని మళ్లీ ఒకసారి కడిగి తీసుకెళ్లి ఇచ్చాను. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన అవసరం కనిపించలేదు. రోజూ సాయంత్రమే కడుగుతాం కదా.

పరీక్ష ఒక శనివారం, ఒంటిపూట బడి అయిపోయాక. పిల్లలు వెళ్లిపోయారు. హాల్లో మేం ముగ్గురమే. ఇద్దరం ఒకే పాట ఊదాలి, పిల్లలు నడుస్తూ పాడుకునే మూడు వరుసల చిన్న పాట. పెద్దదాన్నని నన్ను ముందు ఊదమన్నారు. ఊదాను. రెండో వరుసలో ఒకసారి కీచుమంది, ఆఖరి స్వరం మీద గమకం పడనే పడింది. హెడ్మిస్ట్రెస్ ఏదో రాసుకుని, ఇక నువ్వు అన్నట్టు ఆ అమ్మాయి వైపు చూశారు. అంతలో గుమస్తా వచ్చి ఎవరో తండ్రి కలవడానికి వచ్చాడని చెప్పాడు. అయిదు నిమిషాల్లో వస్తానని ఆవిడ బయటికి వెళ్లారు.

నేను రికార్డర్ పట్టుకుని వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లాను. ఇప్పటికీ ఆ పది అడుగులు నాకు తెలుసు. కుళాయి తిప్పేముందు నాకు అంతా గుర్తుంది. తడిస్తే పలకదని గుర్తుంది, అరగంట పడుతుందని గుర్తుంది, ఆవిడ అయిదు నిమిషాల్లో వస్తారని గుర్తుంది. నేను కడగకుండా ఉత్త గుడ్డతో తుడిచి ఇవ్వవచ్చు. లేదా ఆవిడ రాగానే, కాసేపు ఆగుదామని ఏదో ఒక సాకు చెప్పవచ్చు. కానీ ఎంగిలిది చేతికి ఎలా ఇస్తాం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆరు వారాలూ తప్పని ఒప్పందం ఈ రోజు తప్పుతామా అని చెప్పుకున్నాను. పైనుంచి కింది దాకా, రోజూ కడిగినట్టే కడిగాను. ఎక్కువ కడగలేదు, తక్కువా కడగలేదు.

ఆ అమ్మాయి రెండు చేతులా అందుకుంది. రెండుసార్లు విదిలించింది. చున్నీ కొసతో మొన తుడిచింది. హెడ్మిస్ట్రెస్ వచ్చి కూర్చున్నారు. మొదటి ఊపిరికి బుడబుడమంది. రెండోసారి సన్నగా గాలి చప్పుడు. మూడోసారి ఒక స్వరం వచ్చి తెగిపోయింది. ఆవిడ ఓపికగా, భయపడకు అన్నారు. నాలుగోసారి కూడా అంతే. ఆ అమ్మాయి రికార్డర్ని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. నా వైపు చూడలేదు. పరీక్షంటే కంగారుపడే మనిషి నలభై మంది పిల్లల ముందు ఎలా నిలబడుతుందని ఆవిడ మెల్లగా అని, నా ఉద్యోగం ఖాయమని అక్కడే చెప్పేశారు.

రోజూలాగే కలిసి ఇంటికి నడిచాం. సందు మొదట్లో ఆ అమ్మాయి ఆగింది.

"కడిగినంక అరగంట దాక పలుకదు అక్క. నాకు కూడ ఒకసారి అట్లనే అయింది," అంది.

మరి ఆవిడతో చెప్పలేదేం అని అడిగాను.

"ఏమని చెప్పాలె? మేడమ్ వద్దన్నా ఇన్ని దినాలు కడిగినమని ఎట్ల చెప్త? ఎంగిలిదే ఇయ్యమని నిన్ను ఎట్ల అడుగుత?" గొంతులో కోపం లేదు, అలిసిపోయి ఉంది. "జర సేపు ఆగుదాం మేడమ్ అని నువ్వే అంటవనుకున్న. నీ మొఖం దిక్కే చూసిన, నువ్ నల్లా కాడికి పోతుంటే."

నేను ఏదో ఒకటి అనాలి. తెలియదమ్మా అని అబద్ధమైనా చెప్పాలి. సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను. ఆ అమ్మాయి ఇంకొక్క క్షణం చూసి, పోయొస్త అక్క అని వంతెన వైపు వెళ్లిపోయింది. ఆ తర్వాత బడికి రాలేదు. ఆ చలికాలంలోనే కరీంనగర్‌లో పెళ్లయిందని విన్నాను. బీఏ పూర్తి చేసిందో లేదో నాకు తెలియదు.

ఆ శనివారం నేను ఇంటికి వెళ్లి ఉద్యోగం నిలిచిందని చెప్పాను. మా అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆవిడే వంట చేశారు. నేను కడుపునిండా అన్నం తిని పడుకుని, ఎన్నో నెలల తర్వాత మర్నాడు ఎండ ఎక్కేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఆ అమ్మాయికి చేసిన దానికి ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను, ఇద్దరు పిల్లలున్నారు, గతిలేదు అని. అంత హాయిగా నిద్ర ఎలా పట్టిందో మాత్రం నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.