ఫైల్లో లేని బోరు

మా ఊరికి వచ్చే నీళ్ల ట్యాంకరును నిలిపేసినారు. నడి ఎండాకాలంలో, నేను రాయని ఒక్క లైను చూసి నిలిపేసినారు. పైగా ఆ లైను నేనే రాసినానన్నారు.

అన్యాయం ఇది. మిగతాదంతా దీని తర్వాతే.

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. వయసులో శ్మశానం పక్క చేనుకు కావలి పడుకున్నవాణ్ణి నేను. ఏదీ కనపడలేదు. ఎవడన్నా తనకు కనపడిందంటే ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, నీ కళ్లద్దాలు అప్పుడు ఎక్కడున్నయి అని అడిగి వాని ఉత్సాహం చల్లార్చేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే ఇది రాస్తున్నాను.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. తర్వాత మార్కాపురం పలకల కార్ఖానాలో రాయి చీల్చి, అంచులు కోసి, చట్రాలు బిగించినాను. వేల పలకలు చేసినాను గానీ వాటి మీద నేను దిద్దింది తక్కువ. కార్ఖానా మూతబడినాక ఒక కంప్యూటర్ సెంటర్లో వాచ్‌మెన్‌గా చేరినాను. వాకిట్లో స్టూలు మీద కూచుంటే లోపల చెప్పే పాఠం వినపడేది. పిల్లలకు అది ఈ చెవిన పడి ఆ చెవిన పోయేది, నాకు నిలబడింది. సెంటరు వాళ్లు పాత మిషన్లు తీసేసేటప్పుడు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. దాంట్లో డబ్బులక్కర్లేని లినక్స్ సాఫ్ట్‌వేరు ఎక్కించుకుని, షెల్ స్క్రిప్టులు రాయడం తప్పులు చేసుకుంటా నేర్చుకున్నాను. షెల్ స్క్రిప్టు అంటే పెద్ద విద్యేం కాదు. మిషనుకు రాసిచ్చే పనుల వరస. ఫలానా ఫైలు తెరువు, అంకెలు చూడు, అన్నిటికన్నా చిన్నదేదో పెద్దదేదో చెప్పు. అంతే.

మా ఊరు పుల్లలచెరువు పక్క, అడివి అంచున. మేము ఒకప్పుడు కర్నూలు జిల్లా వాళ్లం, తర్వాత ప్రకాశం వాళ్లమైనాము. జిల్లా మారింది గానీ బిందె మోసే దూరం మారలేదు. ఎండాకాలమొస్తే ట్యాంకరే మాకు దిక్కు. అది ఊరికే రాదు. ఊళ్లో బోర్లన్నిటిలోకీ నీళ్లు అన్నిటికన్నా పైనున్న బోరు కూడా రెండు వందల అడుగులు దాటిపోవాలని మార్కాపురం నీళ్ల ఆఫీసు రూలు. అన్నిటికన్నా లోతుకు పోయిన బోరును బట్టి ఎన్ని ట్రిప్పులో చెప్తారు. అంటే వాళ్లకు కావలసింది రెండే అంకెలు, చిన్నదీ పెద్దదీ.

బోర్లు కొలిచేది మా వదిన నారాయణమ్మ. మేకలు తోలుకొని చేలన్నీ తిరుగుతుంది కాబట్టి ఆ పని ఆమెకు పడింది. తాడుకు అడుగడుక్కీ ముడి, చివర బరువుకు పలక ముక్క, తాడుకంతా సుద్దపొడి. మోటారు పైపు పక్క సందులోంచి దించి పైకి తీస్తే, నీళ్లు తగిలినకాడ సుద్ద కరిగిపోయి ఉంటుంది. పొడిగా ఉన్న ముడులు లెక్కపెడితే నీళ్లెంత లోతులో ఉన్నయో తెలిసిపోతుంది. ఆమె చెప్తుంది, నేను ఫైల్లో కొడతాను. లైనుకొక పేరు, పక్కన అడుగులు.

ఆ పైన మనిషి చెయ్యి పడకూడదని నేనే పట్టుబట్టినాను. ప్రతి సోమవారం పొద్దున స్క్రిప్టు తనంతట తానే ఫైలు తెరిచి, చిన్న అంకెనూ పెద్ద అంకెనూ పేర్లతో సహా తీసి, ఆఫీసుకు మెయిలు పంపేటట్టు పెట్టినాను. రేపు ఎవడన్నా ముసలోడు ట్యాంకరు కోసం అంకెలు మార్చినాడు అనకుండా. ఆ స్క్రిప్టే నా కొంప ముంచింది.

ఒక సోమవారం ట్యాంకరు రాలేదు. మరుసటి రోజూ రాలేదు. బస్సెక్కి మార్కాపురం పోయి ఇంజనీరును అడిగినాను. కుర్రవాడే, మర్యాదస్తుడే. ఫోను నా ముందు పెట్టినాడు. నా మిషను పంపిన మెయిలు. పెద్దది ఐదు వందల చిల్లర, అది సరే. చిన్నదిగా ఉన్న లైను ఇది:

కొండన్న 41

"మీ ఊళ్లో నలభై ఒక్క అడుగుల్లో నీళ్లు పెట్టుకొని ట్యాంకరు అడుగుతావేంది పెద్దాయనా?" అన్నాడు.

"ఆ పేరు నేను రాయలేదు సార్."

"మిషను నీదే, స్క్రిప్టు నీదే, పంపింది నువ్వే. ఇప్పుడు నాది కాదంటే ఎట్ల?"

కొండన్న మా అన్న. నారాయణమ్మ వదిన మొగుడు. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన బోరు ఒకటుంది, ఫెయిలైన బోరు. నీళ్లెక్కడున్నయో చూసేదానికి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా తిరిగి, టెంకాయ లేచిన చోట కాలితో గుర్తు పెట్టి, యాభై అడుగుల్లో నీళ్లు పడకపోతే మీసం తీసేస్తానన్నాడు. ఆరు వందల పది అడుగులు దించినా రాతిపొడే వచ్చింది. మీసం తీసేసినాడు. ఫెయిలైన బోరుకు మా పక్క ఒక ఆచారముంది. వేయించినవాడే చేతులారా బండ వేసి మూసి, పసుపు రాసి, దానికి దండం పెడతాడు. ఆ తర్వాత దాంట్లో ఎవరూ తాడు దించరు, ఊరి బోర్లల్లో దాన్ని లెక్కేయరు. అందుకే ఆ బోరు నా ఫైల్లో ఎన్నడూ లేదు. ఇంకొకటి. ఆయన్ను ఊరంతా కొండయ్య అనేది, వదిన 'ఏమయ్యా' అనేది. కొండన్న అని పిలిచింది నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చి స్క్రిప్టును చేత్తో నడిపినాను. కొండన్న 41.

ఫైల్లో ఆ పేరు వెతకమన్నాను. లేదంది. ఆ అంకె వెతకమన్నాను. లేదంది. మళ్లీ చిన్నదేదని అడిగితే కొండన్న 41.

తెలిసినవాళ్లు అడగబోయేవి నేనే చెప్తాను. అంకెల్ని అక్షరాల మాదిరి పేరిస్తే తొంభై ఐదు కంటే నాలుగు వందల పది ముందొస్తుంది, మొదటి అంకె చిన్నది గనుక. ఆ తప్పు నేను మొదటి ఏడాదే చేసి దిద్దుకున్నాను. ఖాళీ లైను ఉంటే మిషను దాన్ని సున్నా అనుకుంటుంది. కానీ సున్నా రాలేదు, నలభై ఒకటి వచ్చింది. ఫోల్డర్లో వేరే ఫైలు ఏదన్నా కలిసిందేమోనని ఆ ఒక్క ఫైలునే కొత్త ఫోల్డర్లో పెట్టినాను. కంటికి కనపడని అక్షరాలున్నయేమోనని ఒక్కో అక్షరం విప్పించి చూసినాను. చివరికి ఫైలంతా తీసేసి, వదినను ఎదురుగా కూచోబెట్టుకొని ఆమె చెప్తుంటే మొదటి నుంచి కొట్టినాను. అందులో చిన్న అంకె మస్తాన్ బోరుది, రెండు వందల ముప్పై. స్క్రిప్టు నడిపినాను.

కొండన్న 41.

వదిన చదువుకోలేదు. నా మొహం చూసి, "ఏందబ్బీ, ఏం రాసింది?" అనింది. చెప్పినాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "యాభై లోపలే కదా" అనింది.

"వదినా, నువ్వు గూడానా!" అని కసురుకున్నాను.

"నేనేమన్నా అన్నానా? మీసం గుర్తొచ్చింది, అంతే."

అప్పటికి ట్యాంకరు లేక ఊళ్లో గొడవ మొదలైంది. ఆడవాళ్లు రెండు మైళ్ల అవతల తోట బావికి పోతున్నారు. అక్కడి నీళ్లు తాగితే పళ్లు గార పడతయి, మోకాళ్లు పట్టేస్తయి, అది తెలిసీ పోతున్నారు. నన్ను చూస్తే కొందరు మొహం తిప్పుకునేవాళ్లు. కంప్యూటరు తాత మన నోట్లో మన్ను కొట్టినాడనే మాట నా చెవినే పడింది. నాకు రెండే దోవలున్నయి. మిషను తప్పు చేసిందని ఒప్పుకొని చెంపలేసుకోవడం, లేదా బండ తీయడం.

నేను తప్పు చేయలేదు. ఎందుకు ఒప్పుకోవాలి? మళ్లీ మార్కాపురం పోయినాను. "మీ కళ్ల ముందు బండ తీస్తాము. మీరే కొలవండి. నీళ్లుంటే నేను జన్మలో అర్జీ పెట్టను. లేకపోతే ట్యాంకరు పంపండి, నేను అబద్ధం రాయలేదని కాగితం ఇయ్యండి" అన్నాను. ఇంజనీరు నవ్వలేదు. వస్తానన్నాడు, వచ్చినాడు.

మిట్టమధ్యాహ్నం. ఊరు ఊరంతా ఉంది. వదినను వద్దన్నారు ముసలమ్మలు, మూసిన బోరు తెరవగూడదన్నారు. "మూసింది నా మొగుడు. తెరవాల్సింది నేను గాక ఎవరు?" అని ఆమే గడ్డపార పెట్టి బండను కదిలించింది. నలుగురు పట్టి పక్కకు జరిపినారు.

మొదట వదిన తాడే దించినాము. వంద ముడుల దాకా దించి పైకి తీసినాము. పలక ముక్క నుంచి నీళ్లు కారుతున్నయి. తాడు తడిసి నల్లబడి ఉంది. పొడిగా ఉన్న ముడులను ఇంజనీరే వంగి లెక్కపెట్టినాడు. నలభై ఒకటి.

నేను తల దించుకున్నాను. ఊరి నోటికాడి నీళ్లు నా పంతంతో పోగొట్టినానని. ఇంజనీరు నా వైపు చూసి, "నేను గూడా లేవనే అనుకున్నాను పెద్దాయనా" అన్నాడు. ఆ మాట కోసం అతన్ని ఇప్పటికీ గౌరవిస్తాను.

రిపోర్టు రాసేముందు తమ టేపుతో ఒకసారి కొలవాలన్నాడు. అదీ మంచిదే, మా తాడు అప్పటికే తడిగా ఉంది, మళ్లీ దించితే ఏది కొత్త తడో తెలియదు. టేపుకు ఇనప గుండు కట్టి, సుద్ద పూసి, అతని మనిషే దించినాడు. నలభై ఒకటి దాటింది. వంద దాటింది. నాలుగు వందలు దాటినాక ఊళ్లోవాళ్లు ఇంకొంచెం ముందుకొచ్చినారు. ఆరు వందల పది కాడ గుండు అడుగుకు తగిలింది. పైకి తీస్తే గుండుకు బూడిద లాంటి రాతిపొడి. సుద్ద ఎక్కడా చెదరలేదు. పక్కన బండ మీద మా తాడు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నయి.

వదిన ఆ తాడును అరచేతిలో పిండి నాలుక మీద వేసుకుంది. "తియ్యగా ఉన్నయి" అనింది. తర్వాత బోరు వైపు చూసి, "చూపించినాడు, తాపించలేదు. బతికున్నప్పుడూ ఇంతే ఈ మనిషి" అనింది. ఇద్దరు ముగ్గురు నవ్వినారు. ఆమె నవ్వలేదు.

ఇంజనీరు ఆలోచించి ఒక సంగతి చెప్పినాడు. పై పొరల్లో రాతి సందున కొంచెం ఊట నిలబడి ఉండొచ్చట. బండ తీసినాక, తాడు తగిలినాక అది కిందికి జారిపోయి ఉండొచ్చట. మరి గుండుకు తడి ఎందుకు లేదంటే అడుగున ఉన్న సందుల్లోకి ఇంకిపోయి ఉండొచ్చట. సరే, ఒప్పుకుంటాను. నీళ్ల సంగతి నీళ్లకు తెలుసు. కానీ మూసిన బండ కింద, ఎవడూ తాడు దించని బోరులో నలభై ఒక్క అడుగుల కాడ ఊట ఉందని నా మిషనుకు చెప్పిందెవరు? అది గూడా నేను తప్ప ఎవరూ పిలవని పేరుతో? ఆ మాట అడిగితే అతను జీపు ఎక్కినాడు.

సాయంత్రం అదే ఫైలు మీద అదే స్క్రిప్టు నడిపినాను. ఒక్క అక్షరం మార్చలేదు. మస్తాన్ 230 అని వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా అంతే.

నేను వదల్లేదు. ఆ రోజు కొలతలు రెండూ ఫైల్లో ఎక్కించినాను, ఊరంతా చూసినవి గనుక. నీళ్లు తగలకపోతే అడుగు దాకా పోయిన లోతే రాయమని వాళ్ల రూలే. ఇప్పుడు ఊళ్లో అన్నిటికన్నా చిన్నదీ కొండన్నదే, పెద్దదీ కొండన్నదే. చిన్నదాన్ని చూసి ట్యాంకరు ఆపుతారో, పెద్దదాన్ని చూసి పంపుతారో మీరే తేల్చండి, నన్ను మాత్రం అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు అని అర్జీ పెట్టినాను. జవాబు రాకపోతే ఇంకొకటి పెట్టినాను. గుమాస్తా నన్ను చూస్తేనే ఫ్యాను స్పీడు పెంచుకునేవాడు. అయినా పోయినాను.

అది ఏందని ఇప్పటికీ నన్ను అడుగుతారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. చివరికి వచ్చిన కాగితాన్ని పలక చట్రంలో బిగించి గోడకు పెట్టుకున్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు ఇది:

"తమరి అర్జీలు పరిశీలించడమైనది. కొండన్న బోరు తొలి కొలత నలభై ఒక్క అడుగులు, మలి కొలత ఆరు వందల పది అడుగులు. రెండునూ ఈ కార్యాలయ సిబ్బంది సమక్షంలో తీసినవే గనుక ఏ ఒక్కటీ తప్పని చెప్పుటకు వీలులేదు. ఒక గ్రామపు కనిష్ఠము, గరిష్ఠము ఒకే రోజున ఒకే బోరువి అయినపుడు అనుసరించవలసిన నిబంధన లేదు. కావున ట్యాంకరు సరఫరా పునరుద్ధరించడమైనది. తమరు ఫైలులో అసత్యము రాసినట్లు రుజువు కాలేదు. సదరు లైను ఎవరు రాసినదీ ఈ కార్యాలయమునకు తెలియదు."