రాసుకోని రెండో మాట

నా చిన్నప్పుడు పోలీసు జీపు ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటి పరువు పోయినట్టే లెక్క. ఎలక్షన్లు వచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క తిరగబడేది. జీపు మా వాకిట్లో ఆగిందంటే మా నాయన మీసం మీద చెయ్యి వేసుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసేవాడు. నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ దెప్పుతుంటారు. నిజమే, ఎక్కువే. అది నాకు ఊరికే రాలేదు. మా అవ్వ ఇచ్చిన ఆస్తి అది.

మాది సండూరు దగ్గర తారానగర్. కొండల నుంచి ఇనుపరాయి దింపుకుని లారీలు వరసగా పోతుంటే, పొద్దున ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి ఎర్రబడేది. మా నాయనకు ఒక లారీ ఉండేది. దానికి లోడు ఇచ్చేది గనుల యజమాని. ఆయన్ని ఊరంతా ధణి అనేవారు. ధణి ఏ పార్టీ అయితే మా ఇల్లు ఆ పార్టీ, అందులో ఆలోచించడానికేం లేదు. మా పక్కింటివాళ్లది ఎదుటి పార్టీ. పక్కింటి అక్క మొగుణ్ణి నేను బావా అని పిలిచేదాన్ని. ఆయన సైకిలుకు ఆ పార్టీ జెండా కట్టుకుని తిరిగేవాడు. అయినా గోడ మీద నుంచి చారు గిన్నెలు అటూ ఇటూ పోతూనే ఉండేవి. నాకు రోజూ జడ వేసేది ఆ అక్కే. మా అవ్వ వేస్తే జుట్టు ఊడి చేతికొచ్చేది, అక్క వేస్తే నిద్ర వచ్చేది.

ఆ ఏడు ఓట్లు ఇంకా కొన్నాళ్లు ఉన్నాయనగా మా కల్లంలో జొన్నచొప్ప వామి కాలిపోయింది. ఎండాకాలమంతా ఎద్దులు తినాల్సిన మేత అది. పొద్దు గుంకే వేళ మంట లేచింది. ఊరంతా బిందెలతో పరిగెత్తుకొచ్చారు. బావ కూడా వచ్చాడు, నీళ్లు మోశాడు, చొక్కా మసి చేసుకున్నాడు. వామి మాత్రం దక్కలేదు. ఎద్దుల ముఖం చూసి మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూసి ఎరగను.

మరుసటి రోజు ఎస్సై వచ్చాడు. నేరుగా మా పడసాలలో మంచం మీద కూర్చుని కాఫీ తాగాడు. కల్లం వైపు పోనన్నా పోలేదు. ముందురోజు సాయంత్రం కల్లం కనిపించే పెరటి అరుగు మీద చింతగింజలు ఆడుకుంటున్నది నేనే కాబట్టి నన్ను పిలిచి, మంట లేవకముందు ఆ దోవన ఎవరు పోయారని అడిగాడు. బావ సైకిలు మీద పోయాడని చెప్పాను. ఉన్నమాటే. ఎస్సై నా చెంప గిల్లి, "శానా జాణె పాప," అని నవ్వుతూ రాసుకున్నాడు. జాణె అంటే తెలివైనదని. నేను ఇంకా ఏదో చెప్పబోయాను గానీ ఆయన అప్పటికే కలం జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రమే బావను జీపులో ఎక్కించుకుపోయారు. మా నాయన ముఖం పండగలా వెలిగిపోయింది. నిప్పు లేందే పొగ వస్తుందా అని మా వైపు వాళ్లంతా అరుగుల మీద కూర్చుని ఒకటే మాట. అక్క వాళ్ల గడపలో నిలబడి ఏడుస్తూ నా వైపు చూసింది. తిట్టలేదు. ఊరికే చూసింది. మర్నాడు నాకు జడ వేసేవాళ్లు లేరు.

మా అవ్వ ఒక్కతే సంతోషపడలేదు. "నిప్పుండాది నిజమే. యెవరి నిప్పో చూడాల కదప్పా," అంది మా నాయనతో. ఆయన వినలేదు. అప్పుడు ఆమె నన్ను పొయ్యి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుంది. ఆ పొద్దు ఇంకా ఎవరిని చూశావే అని అడిగింది. ధణి బామ్మర్ది వామికి ఆనుకుని కూర్చుని బీడీ తాగడం చూశానని చెప్పాను. మరి ఎస్సైకి ఎందుకు చెప్పలేదంది. చెప్పబోతే ఆయన రాసుకోవడం ఆపేశాడన్నాను. అవ్వ పిండి పిసకడం మొదలుపెట్టింది. అప్పుడు ఇంకో సంగతి తనలో తనే అనుకుంది. "ఆ పిల్లోడు ఇంటికి పోవాలంటే ఆ దోవ తప్ప యింగో దోవ యాడుండాది? దినామూ పోయేదే కదా!" నిజమే. మా కల్లం పక్క నుంచి తప్పితే బావకు ఇల్లు చేరే దారే లేదు. ఎస్సై ఆ మాట ఎవరినీ అడగలేదు.

రెండు రోజుల తరవాత ఎస్సైకి మా ఇంట్లో మధ్యాహ్నం భోజనం. మా నాయన నాటుకోడి కోయించాడు. అవ్వ జొన్నరొట్టెలు కొట్టి వేడివేడిగా వడ్డిస్తూ, ఆయన రెండో రొట్టె తుంచేసరికి నన్ను ముందుకు తోసింది.

"చెప్పు పాపా, ఆ పొద్దు నువ్వు చూసిందంతా చెప్పు."

నేను గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. బావ సైకిలు, ధణి బామ్మర్ది బీడీ, అన్నీ. ఎస్సై నములుతున్న ముద్ద నోట్లోనే ఆగింది. మా నాయన ముఖం పాలిపోయింది.

"పిల్లల మాట కేసులో నిలబడదవ్వా," అన్నాడు ఎస్సై.

"మొన్న నిలబడె కదప్పా?" అంది అవ్వ. గొంతు పెంచలేదు. ఇంకో రొట్టె వేస్తూనే అడిగింది. "అదే పిల్ల, అదే నోరు. మొదటి మాట రాసుకుంటివి. రెండో మాట యేం పాపం చేసినాది?"

"ఆయితు బిడవ్వా, సరేలే వదిలెయ్. ఎలక్షన్ అయిపోనీ, అప్పుడు చూస్తాం."

"ఎలక్షన్ అయ్యేదాకా ఆ పిల్లోడు లోపలుండాలనా?"

ఎస్సై చెయ్యి కడుక్కుని లేచాడు. జీపు పోగానే మా నాయన అవ్వ మీద విరుచుకుపడ్డాడు. ధణికి తెలిస్తే మన కడుపు మీద కొడతాడే, నీకు మతి ఉందా అని. అవ్వ పెనం మీది రొట్టె తీసి ఆయన ముందు పెట్టింది. ఒక పక్కే కాలి ఉంది. "తిను," అంది. ఆయన తినలేదు. "ఒగ పక్క కాలితే అది రొట్టె కాదురా, పచ్చి పిండే. మనోళ్ల పక్క కాలినంత మాత్రాన నేను తినను," అంది.

మరుసటి పొద్దున అవ్వ నన్ను చంకకు తగిలించుకున్నట్టు పట్టుకుని సండూరు బస్సెక్కింది. స్టేషన్లో ఆ రోజు ఎలక్షన్ బందోబస్తుకని పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చి ఉన్నాడు. ఎస్సై మమ్మల్ని చూసి బయటే ఆపబోయాడు. అవ్వ గొంతు అప్పుడు లేచింది. ఊరి తేరు దగ్గర కూడా అంత గొంతు నేను వినలేదు. వామి నాది, కాలింది నా మేత, నా మాట వినకుండా నా కేసు ఎట్లా నడుపుతారని. పెద్దాయన లోపలికి పిలిచాడు.

అవ్వ బావ మంచివాడని చెప్పలేదు. ధణి బామ్మర్ది చెడ్డవాడనీ చెప్పలేదు. "ఆయప్ప అంటించినాడని నేను అనను. ఈ పిల్లోడు అంటించలేదనీ అనను. నేను చూడలేదు. రాస్తే యిద్దరినీ రాసుకోండి, లేదంటే యిద్దరినీ యిడవండి. ఒగరిని పెట్టుకుని ఒగరిని యిడిస్తే, నా వామి పేరు చెప్పి మీరు ఓట్లు యేరుకుంటాండారని ఊర్లో నేనే చెప్తా," అంది. పెద్దాయన ఎస్సై వైపు చూశాడు. ఎస్సై గోడ వైపు చూశాడు. నేను అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రానికి బావను వదిలేశారు. ధణి బామ్మర్దిని పిలిచి అడిగారో లేదో మాకు తెలియదు. పెద్దాయన న్యాయం చూసి వదిలాడా, ఎలక్షన్ల ముందు ముసలిదానితో రచ్చ ఎందుకని వదిలాడా అని దోవలో అడిగాను. "ఆయప్ప లోపలికి దూరి నేను చూస్తినా? యిడిసినాడు, అంతే," అంది.

ఇక మా ఇంటి సంగతి. ధణి మా నాయన లారీకి లోడు ఆపేశాడు. లారీ ఆ ఎండాకాలమంతా చింతచెట్టు కింద నిలబడిపోయింది. మేత లేక ఒక ఎద్దును అమ్ముకున్నాం. మా నాయన చాలాకాలం అవ్వతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. నాకు అవ్వ మీద కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి, ఎందుకు దాచాలి.

పోనీ అక్క అయినా సంతోషపడిందా అంటే, అదీ లేదు. బావ ఇంటికొచ్చిన మర్నాడు గోడ దగ్గరకు వచ్చి, కళ్లు చిన్నవి చేసుకుని అవ్వను అడిగింది. "మీవోళ్లు యేమి కోరి యిడిపించినారవ్వా? ఓట్లా?" నాకు ఏడుపు వచ్చేసింది. అంత చేస్తే ఇదా మాట! అవ్వ మాత్రం పకపకా నవ్వింది. "ఆ అనుమానం మంచిదే తల్లీ, యిడవొద్దు. నీవోళ్లు గెలిచినప్పుడు గూడా పెట్టుకో," అంది. అక్క గోడ మీద నుంచి చెయ్యి చాపి, నా జడ పట్టుకుని చూసి, ఎవరేసినారే ఈ కాకిగూడు అని విప్పడం మొదలుపెట్టింది.

వామికి నిప్పు ఎవరు పెట్టారో ఈ రోజుకీ తెలియదు. వెతికిన పోలీసు ఒక్కడూ లేడు కదా, ఎట్లా తెలుస్తుంది? వాళ్లకు కావలసింది మనిషి. ఆ మనిషి దొరికాక నిప్పుతో పనేముంది?

ఇప్పుడు నేను బళ్ళారి గాంధీనగర్‌లో ఉంటున్నాను. మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. మొన్న మా మనవడు ఫోను పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు, "అవ్వా, వాళ్ల లీడరింట్లో పోలీసులు దిగినారు! పట్టుకున్నారు దొంగల్ని!" అని. నిజం చెబుతున్నా, నాకూ లోపల ఒక చిటికెడు సంతోషం కలిగింది. ఆ లీడరంటే నాకూ గిట్టదు. ఆ సంతోషం కలగగానే నా మీద నాకే అనుమానం వచ్చింది.

"మంచిదే నాయనా. మనోళ్ల ఇంటికీ పోయినారా?" అన్నాను.

"మనోళ్లేం చేసినారని పోతారు?"

"అది పోయి చూస్తే కదా తెలిసేది."

వాడు విసుక్కుని వెళ్లిపోయాడు. అందరు పోలీసులూ ఒకటేనని నేను అనను. ఆ లీడరు దొంగ కాడనీ అనను. నేను చూడలేదు. జీపు ఎవరింటి ముందు ఆగిందో ఫోన్లో మనవడికి చూపిస్తారు. ఎవరింటి ముందు ఆగకుండా పోయిందో నేను ఇంకా అడుగుతూనే ఉంటాను.