ఆపరేషన్ ముందు రెండు చెంచాల పాలు

చేయని దొంగతనానికి బావ నలుగురిలో అతని చెంప పగలగొట్టాడు. పోయిందన్న వాచీ ఆ సాయంత్రమే పరుపు కింద దొరికింది. పొరపాటైందన్న మాట మాత్రం బావ నోట రాలేదు. పెద్దవాళ్ళకి గొంతు అక్కడే పట్టేస్తుంది కాబోలు. ఆనాటి నుంచి అతను అక్క గడప తొక్కలేదు. లిఫ్టులు బాగుచేస్తూ కాలు ఒకచోట నిలవకుండా తిరిగాడు.

"కూర్చున్న ఫోటో ఒక్కటైనా ఉందట్రా నీది?" అనేవారు తోటి మెకానిక్కులు. 'హడావుడి' అనే పిలిచేవారు.

అక్కకి కూతురు పుట్టింది. నాలుగో నెలకి పెదాలు నీలం తిరిగాయి. ఊపిరితిత్తుల నుంచి గుండెకి ఎడమవైపు చేరాల్సిన నాళాలన్నీ కుడివైపు కలిశాయట. కోసి సరిచేస్తే తప్ప పిల్ల దక్కదు.

"రక్తం ఇవ్వాలి, రారా తమ్ముడూ. మీ బావ ఏమీ అనడులే," అంది అక్క ఫోన్‌లో.

వచ్చాడు, ఇచ్చాడు. బావ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆపరేషన్ రోజు పొద్దున పిల్లని అతనికి అప్పగించి అక్క స్నానానికీ, బావ మందులకీ వెళ్ళారు. పాలు పట్టొద్దని నర్సు మరీ మరీ చెప్పింది. పిల్ల ఆకలికి గుక్కపట్టింది. ఏడ్చేకొద్దీ గోళ్ళు కూడా నీలమవుతున్నాయి. చేతుల్లోనే పోతుందేమోనని అతనికి ముచ్చెమటలు పోశాయి. పక్క మంచం ఆవిడ దగ్గర రెండు చెంచాల పాలు తీసుకుని పట్టాడు. పిల్ల ఊరుకుంది.

అంతలోనే పిల్లని ఆపరేషన్‌కి తీసుకెళ్ళే బండి వచ్చింది, వెనకే అక్కాబావా.

"చెప్పకు నాయనా. ఆపరేషన్ ఇవాళ తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో!" అని గొణిగింది పక్కావిడ.

బండి కదిలింది. అతను వరండాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. ఉన్నట్టుండి పరిగెత్తి మత్తు డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"పాలు పట్టానండీ. నేనే."

"మత్తులో కక్కుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయేవయ్యా! చెప్పి బతికించావు. మధ్యాహ్నం చేస్తాం," అని డాక్టరు బండిని వెనక్కి తిప్పించింది.

"నీకు అప్పగించాను చూడు, నాకు బుద్ధి లేదు!" బావ చెయ్యి లేచింది.

"కొట్టు బావా. ఈసారి నిజంగా చేశాను."

లేచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో బావకి తెలియలేదు. మధ్యాహ్నం పిల్లని తీసుకెళ్ళారు. చీకటి పడేదాకా తలుపు తెరుచుకోలేదు. ఇద్దరూ ఒకే వరండాలో ఎదురూబొదురూ తిరిగారు.

పిల్ల నిలిచింది.

ఇద్దరూ మళ్ళీ కలిసింది అదే ఆసుపత్రిలో, కొన్నాళ్ళకి పిల్లని చూపించడానికి వచ్చినప్పుడు. అక్క చీటీ కోసం వరసలో ఉంది. పిల్ల రాగం అందుకుంది. బావ కంగారుగా గిలక్కాయ కోసం సంచీ అంతా తిరగేస్తున్నాడు. అతను పిల్ల వేళ్ళు విప్పి, ఎర్రగా ఉన్న గోళ్ళు చూశాడు.

"ఏడవనీ బావా," అన్నాడు. "ఇప్పుడు ఏడిస్తే ఏమీ కాదు."