పిన్ని ఏ గ్యాలరీలో కూర్చుంది

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ముందు ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్లు పిన్నీ అన్నారు. వాళ్లను చూసి పాలవాడూ అన్నాడు. చివరికి ఆమెకంటే పెద్దదైన ఎదురింటావిడ కూడా పిన్నీ అనే పిలవడం మొదలుపెట్టింది. దానిమీద మాత్రం పిన్నికి ఇప్పటికీ కోపమే.

ఇల్లు స్టేడియం ప్రహరీని ఆనుకుని ఉంటుంది. పెళ్లయిన కొత్తలో, క్లబ్బువాళ్లు ఎక్కడినుంచో తెచ్చుకున్న ఒక గోల్‌కీపర్‌కు ఉండటానికి చోటు దొరక్కపోతే, మేడమీద ఊరికే పడున్న గదే కదా అని ఇచ్చారు. వాడు వెళ్లగానే వాడి మంచం మీదికి ఇంకొకడు వచ్చాడు. అప్పట్నుంచి మేడమీది రెండు గదులూ ఖాళీగా ఉన్నది లేదు. పెరట్లో కుళాయి దగ్గర బూట్ల బురద, తీగమీద మేజోళ్లు, ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన మోకాళ్లకు పెట్టుకునే ఐసు సంచులు. ఇదీ ఆమె సంసారం. పిల్లల్లేరని ఎవరైనా జాలిపడితే, "నాకు లేకపోవడమేంటి, ఏ వేసవికావేసవి ఇద్దరు పోతారు, ముగ్గురొస్తారు" అని నోరు మూయిస్తుంది.

వేసవి అంటే మాత్రం ఆమెకు గుబులే. ఆటగాళ్లను అమ్మేదీ కొనేదీ అప్పుడే. ఎవరు పోతున్నారో పేపర్లవాళ్లు ఊహించుకుంటూ రాస్తుంటారు. పిన్నికి ఆ కష్టం లేదు. అమ్ముడుపోయేవాడు ఉన్నట్టుండి మర్యాదస్తుడైపోతాడు. కూరలో ఉప్పు చాల్లేదని అనడు. తిన్న కంచం తనే కడుగుతాడు.

ఈ వేసవి నిచ్చెన కంచం కడిగాడు.

నిచ్చెన అంటే క్లబ్బుకు గోల్స్ కొట్టే కుర్రాడు. ఆ ఇంట్లో ఏ గుమ్మం దగ్గరైనా తల వంచాల్సిందే కాబట్టి ఆ పేరు పిన్నే పెట్టింది.

"ఎక్కడికిరా?" అంది, వాడి చేతిలో కంచం లాక్కుంటూ.

"ఇంకా ఖాయం కాలేదు పిన్నీ."

"కంచం కడిగావంటే ఖాయమే."

వాడు తల గోక్కున్నాడు. "పెద్ద క్లబ్బే. డాక్టర్లు చూడటమొక్కటి మిగిలింది. ఈ మోకాలితోనే భయం." తడి చేతులు తుడుచుకుంటూ, "పోయేముందు ఒకమాట చెప్తాను, తిట్టకు. ఆదివారం ఓట్లప్పుడు కదలాలి అనేవాళ్ల వైపు కూర్చో" అన్నాడు.

స్టేడియాన్ని అక్కణ్నుంచి తీసేసి ఊరవతల బైపాస్ పక్కన కొత్తది కట్టాలని క్లబ్బు కార్యదర్శి పట్టుదల. ఈ వేసవి అమ్మేవాడిమీద వచ్చే డబ్బుతోనే స్థలం కొంటారట. ఆటగాళ్లకు అక్కడే క్వార్టర్లట. అంటే పిన్ని మేడ ఎక్కేవాడు ఇక ఉండడు. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఇప్పుడు వీడొచ్చి ఈ మాట.

"ఆ కార్యదర్శి నీ చేత కూడా చెప్పిస్తున్నాడా?"

"ఎవరూ చెప్పించలేదు. మన గ్రౌండు తినేసింది పిన్నీ నా మోకాలిని."

"ఇన్నాళ్లూ అక్కడే గంతులేశావు. పెద్ద క్లబ్బు పిలిచేసరికి నేల వంకరగా కనబడిందేం?"

మర్నాడు వాడు పెట్టె దించుకుని వెళ్లిపోతుంటే పిన్ని వంటింట్లోంచి బయటికి రాలేదు. గేటు దాకా మొగుణ్ణి పంపింది. కుర్రాళ్లు బాబాయ్ అని పిలిచే ఆయన బస్సు కండక్టర్‌గా పనిచేసి మానుకున్న మనిషి. మాటకో టిక్కెట్టు కొనాలేమో అన్నట్టుంటుంది ఆయన వరస. నిచ్చెన భుజం తట్టి, తిరిగొచ్చి పేపరు పట్టుకున్నాడు.

ఆ క్లబ్బులో ఓటు వెయ్యడం ఒక వింత. వెనకటికి చేతులెత్తమంటే కొందరు పెద్దమనుషులు రెండేసి ఎత్తి, లెక్క కుదరక కొట్టుకున్నారు. ఎంతటివాడైనా రెండు చోట్ల కూర్చోలేడు కదా అని అప్పట్నుంచీ కూర్చోబెట్టి లెక్కపెడుతున్నారు. ఆదివారం పొద్దున్నే పిన్నీ, బాబాయ్ సహా సభ్యులంతా గ్రౌండుకు చేరారు. కార్యదర్శి మైకులో మూడుసార్లు చెప్పాడు. కదలాలి అనేవాళ్లు తూర్పు గ్యాలరీ, ఇక్కడే ఉండాలి అనేవాళ్లు పడమర గ్యాలరీ.

అందరూ బుద్ధిగా తలలూపారు. ఊపి, ఎవరి సీట్లో వాళ్లు వెళ్లి కూర్చున్నారు.

ఏళ్ల తరబడి ఒకే సీట్లో కూర్చున్న జనం వాళ్లు. కాళ్లకు ఇంకో దారి తెలియదు. ప్రాణం పోయినా కదలం అని గుడ్డమీద కుట్టుకొచ్చిన దర్జీ సైతం, ఆ గుడ్డ ఒళ్లో పరుచుకుని తూర్పు గ్యాలరీలో కూర్చున్నాడు.

"ఏమయ్యా దర్జీ, ఒప్పేసుకున్నావా కదలడానికి?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"నేనెందుకు ఒప్పుకుంటా?"

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

"ఇది నా సీటయ్యా," అన్నాడు దర్జీ చిరాగ్గా. అని, తన ఒళ్లో గుడ్డ చూసుకున్నాడు. ఆ వరసలన్నీ నవ్వాయి. కార్యదర్శి మైకులో గోల పెట్టాక జనం సణుక్కుంటూ లేచి అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ బయల్దేరారు.

పిన్ని కూడా అప్పుడే ఉలిక్కిపడింది. వాళ్లిద్దరి సీట్లూ తూర్పు గ్యాలరీలో ఉత్తరం కొసన. గబుక్కున లేచి, "లే, ఇది కదిలే వైపు" అంది మొగుడితో.

"తెలుసు."

"తెలిసీ కూర్చున్నావేం మరి?"

"నేను సరిగ్గానే కూర్చున్నా."

"ఇంట్లో ఒక్కమాటైనా అన్నావా?"

"నువ్వు అడగలేదుగా."

దర్జీ వెంట విసవిసా పడమర గ్యాలరీకి పోయి కూర్చుంది పిన్ని. ఎండ మొహంమీదే కొడుతోంది. ఎదురుగా, అంత దూరాన, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని మొగుడు వేలెడంత కనిపిస్తున్నాడు. చూస్తున్నకొద్దీ ఒళ్లు మండింది. ఇంటిని ముంచే ఓటు ఇంట్లోంచే పడితే ఇంకేముంది. చెయ్యి పట్టుకుని ఈడ్చుకొద్దామని లేచి, చుట్టూ తిరిగే ఓపిక లేక, కంచె తలుపు తోసుకుని గడ్డిమీద అడుగు పెట్టింది.

"పిన్నీ, గడ్డి తొక్కకూడదు," అని గ్రౌండు చూసుకునే తోటమాలి అరిచాడు.

"నా పెరటి పక్కదే, నన్ను ఎరగదా," అంటూ సాగిపోయింది.

ఉత్తరం గోల్ ముందుకొచ్చేసరికి కాలు మడతపడింది. పడబోయి నిలదొక్కుకుంది. వంగి చూస్తే పైన గడ్డి, కింద మెత్తటి ఇసుక, మడమ నొక్కితే లోపలికి దిగిపోతోంది. పక్కన అడుగేస్తే గట్టి మిట్ట. ఆ పక్కన మళ్లీ గుంట. తన సీట్లోంచి ఇన్నేళ్లూ ఇదే నేల పరిచిన దుప్పటిలా కనిపించింది.

అక్కడే నిలబడిపోయింది పిన్ని. కుర్రాళ్లు పైఊళ్లో ఆడి వచ్చిన రోజున ఫ్రిజ్‌లో ఐసు సంచులు కదలకుండా ఉండేవి. ఇక్కడ ఆడిన రోజునే అడిగేవాళ్లు. నిచ్చెన ఒక్కడే కాదు, వాడికంటే ముందున్నవాడూ, ఆ ముందువాడూ. తను నవ్వుతూనే అందించేది. రెండు గ్యాలరీలవాళ్లూ ఆమెనే చూస్తున్నారు.

"పిన్నీ, ఇటు రా, లెక్క మొదలైంది," దర్జీ కేకేశాడు.

ఆమె నెమ్మదిగా, అడుగు చూసుకుంటూ, తూర్పు మెట్లే ఎక్కింది. మొగుడు సీటుమీద పెట్టిన గొడుగు తీసి చోటిచ్చాడు. కూలబడి చీలమండ రుద్దుకుంది.

"ఈ నేల సంగతి నీకెలా తెలిసింది?"

"మన మేడమెట్ల మీద చప్పుడు," అన్నాడాయన. "ఎగురుకుంటూ ఎక్కేవాళ్లు కొత్తల్లో. పోనుపోను గోడ పట్టుకుని దిగేవాళ్లు. ఎక్కి దిగేవాళ్లను చూడటమేగా నా ఉద్యోగం."

కార్యదర్శి వరస వెంబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టుకుపోయాడు. ఆ వేలు పిన్ని దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆమె లేవలేదు. కూర్చుంది, అంతే.

కదలాలనేవాళ్లే నెగ్గారు. రెండు సీజన్లు ఇక్కడ, ఆ తర్వాత బైపాస్. దర్జీ బయట గేటు దగ్గర పిన్నిని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ కోపం న్యాయమైనదే.

ఇంటికొచ్చే దారంతా కుంటుతూ, తనమీద తనకున్న కోపమంతా మొగుడిమీదే తీర్చుకుంది. "రెండేళ్లకు మేడ బోసిపోతుంది. నీకేం, పేపరుంది. నేనెవరికి వండాలి, ఎవర్ని తిట్టాలి?"

ఆయన గొడుగు చెయ్యి మార్చుకుని అన్నాడు, "పైగదిలో మనం పడుకుందాం. గాలి బాగుంటుంది."

నిచ్చెన స్థానంలో కొత్తగా కొన్న కుర్రాడు సాయంత్రం బండికి దిగుతాడు. దుప్పటి మార్చాలని పిన్ని రెయిలింగ్ పట్టుకుని మేడెక్కింది. ఆ గదిలోకి వెళ్లడమంటే ఊడ్చి, పక్క సర్ది, దిగిరావడమే ఇన్నేళ్లూ. ఈసారి మంచంమీద కూర్చుని కిటికీ తెరిచింది. తెర కదిలింది. అలాగే కాసేపు కూర్చుంది.

"వస్తోందిలే గాలి," అని కిందికి కేకేసింది, కోపం ఇంకా దిగని గొంతుతోనే.