మిద్దె మీద ఎండబెట్టిన పాటలు

గత ఆదివారం నుండి మా ఇంట్లో ఒక పెళ్ళిపాట ఏడుస్తూ ఉంది. దాన్ని ఏడిపించినది నేనే. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకున్నా అడ్డు చెప్పను.

కోయిలకుంట్ల మిషన్ బడి టీచరు సువార్తమ్మగారికి, మద్రాసులో ఉన్న తమ్ముడు ఒక ఆల్బం పంపాడు. ఈ వేసవిలో జనం నోట నానిన సినిమా పాటలను ఏరి, గ్రామఫోను ప్లేట్లుగా ఒక దళసరి అట్టపుస్తకంలో అమర్చిన కానుక అది. అక్కకు గ్రామఫోను లేదన్న సంగతి అతడు మరచాడు. అది మా ఇంట్లో ఉంది; అందుచేత ఆల్బమూ మా ఇంట్లోనే ఉండేది. ఆమె ప్రతి ఆదివారం చర్చి నుండి వచ్చి, అరిగిపోతాయన్న భయంతో ఒక్క ప్లేటు మాత్రమే విని వెళ్ళేవారు. తమ్ముడు ఊరికి వచ్చి చాలాకాలమైంది. ఆమెకు అతని మాటకు బదులు ఆ పాటలే.

చూపు పోయిన మా అవ్వకు మాత్రం అవి గిట్టవు. కడుపులో దుఃఖం లేని పాటలనీ, ఊరికే ఎగురుతున్నాయనీ అనేది.

మొన్నటి గాలివానకు మిద్దె కారి ఆల్బం తడిసింది, ముక్కవాసన వేసింది. నాకు అవ్వ చెప్పిన కథ గుర్తుకు వచ్చింది. రాకాసి ఒక రాచబిడ్డ గొంతును భరిణెలో మూసిపెడితే బూజు పట్టిందట. ఎండలో పెట్టగానే విచ్చుకొని పాడిందట. పప్పులకు, పరుపులకు, పుస్తకాలకు ఎండ చూపించే ఇల్లు మాది. పాటలకు ఎందుకు చూపించరాదు? అవ్వను అడిగాను.

"మూసిపెట్టిన దేనికైనా ఎండ సూపియ్యల్ల కదే," అంది.

శనివారం పొద్దున ప్లేట్లన్నిటినీ వడియాల పక్కన పాత చీర మీద పరిచాను. కాకులు రాకుండా కర్రకు నల్లగుడ్డ కూడా కట్టాను. అంత శ్రద్ధ నాది.

మధ్యాహ్నం ఎక్కి చూస్తే వడియాలు గట్టిపడ్డాయి, ప్లేట్లు మెత్తబడ్డాయి. పట్టుకుంటే జొన్నరొట్టెల్లా వాలిపోయాయి. చదును చేద్దామని తిరగలిరాయి కింద పెట్టాను. చల్లారేసరికి రాయి అంచు కూడా అచ్చుపడింది.

ఆదివారం టీచరమ్మ వచ్చి తన చోట కూర్చున్నారు. చెప్పే ధైర్యం లేక, అన్నిటిలోకీ తక్కువ వంగిన ప్లేటు పెట్టాను. ముల్లు గుట్టలెక్కి దిగింది. పెళ్ళిపాట సాగి, జారి, మళ్ళీ లేచి శోకమైంది. ఆమె ముఖం పాలిపోయింది. అప్పుడు జరిగినదంతా చెప్పాను. ఆమె ఒక్కొక్క ప్లేటునే తిప్పి చూస్తున్నారు.

అంతలో అవ్వ గోడ తడుముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరి బిడ్డమ్మా అది? ఏం కష్టమొచ్చిందో పాపం. ఇన్నాళ్ళకు ఒక మంచి పాట పెట్టినారు. ఇంగోసారి తిప్పే."

టీచరమ్మ గోడవైపు తిరిగారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను, కొంత నవ్వు కూడా ఉన్నట్టుంది.

"ఆల్బం ఈడనే ఉండనీ పాపా. పాటలు అవ్వకు శానా నచ్చినాయని తమ్మునికి రాస్తా. అబద్ధం కాదు గదా," అన్నారు.

ఇప్పుడు ప్రతి సాయంత్రం దీపం పెట్టగానే కీ తిప్పడం నా పని, ఏడవడం అవ్వ పని. నిన్న పక్కింటామె గడప దగ్గర నిలబడి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది. నిజం చెప్పడానికి సిగ్గుపడి, దూరపు బంధువన్నాను. ఆమె అవ్వ పక్కన కూర్చొని తృప్తిగా ఏడ్చి, ఇంటికి వెళ్ళి తలస్నానం చేసిందట. బావులు అడుగంటిన ఈ ఎండల్లో, నా తెలివికి ఆమె బిందెడు నీళ్ళు కూడా వదులుకుంది.