వర్నర్ బావ చొక్కా అంచు

మా వర్నర్ బావ చేతికి వచ్చిన రోజుల్లో ఆ కార్బైన్ తుపాకీ పుల్లలా తేలికగా ఉండేది. వాళ్ల నాన్నది. పొట్టి గొట్టం, గురి చూడడానికి వెనక ఒక గాటు, ముందు ఒక పూస, అంతే. మా మిషిగన్ ఉత్తరపు అడవుల్లో దుప్పి కనబడిందంటే దాదాపు ముక్కు ముందు ఉన్నట్టే. అంతకన్నా గురి చూసే సైటు ఎందుకు? బావకి మాత్రం కావాలి. ఏటా ఆయన గురి తప్పుతుంది, ఏటా తప్పు సైటుదే.

మా వేట గుడిసెలో ఒక ఆచారం ఉంది. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకి కొడతాం. గోడ మీద మిగతావాళ్లవి ఒకటీ అరా. తక్కినదంతా బావ గళ్ల చొక్కాలే. గోడ నిండిపోయాక మా అక్క ఐలీ వచ్చి మొగుడి ముక్కలన్నీ ఊడదీసుకుపోయింది, బొంత కుడతానని.

బావ మొదట దుర్భిణి బిగించాడు. ఊపిరి తగిలి దాని అద్దం మసకబారింది. తుడిచి చూస్తే అంతా మరీ పెద్దదై, వెంట్రుకలు తప్ప ఏమీ కనబడలేదు, అవి దుప్పికి ముందువో వెనకవో తెలియలేదు. తర్వాత ఎర్ర చుక్క వెలిగే సైటు తెచ్చాడు, చలికి దాని బ్యాటరీ చచ్చింది. తూటాలు గుచ్చుకునే పట్టీ వేస్తే అది గజ్జెల్లా మోగింది. ఆపైన చెంపకి మెత్త, గొట్టానికి కాళ్లు. పెళ్లిపీటల మీద నగలు మోయలేని పిల్లలా తయారైంది పాపం ఆ కార్బైన్.

"బావా, దీనికింక పొయ్యి ఒక్కటే తక్కువ" అన్నాను.

"నవ్వరా నవ్వు. సామాను సంగతి నీకేం తెలుసు?"

శీతాకాలమంతా వంటింటి బల్ల దగ్గర మొగుడూ పెళ్లాలకి అదే పని. యాలకుల రొట్టె, కాఫీ, మధ్యలో తుపాకీ సామాన్లు అమ్మేవాళ్ల బొమ్మల పుస్తకం. పట్టీకి తోలు మంచిదా గుడ్డ మంచిదా అని అక్క వాదనకి దిగేది. తుపాకీ ఎన్నడూ ముట్టని మనిషి! ఇద్దరికీ మతి లేదని నా గట్టి అభిప్రాయం.

ఈ ఏడు బావకి జ్ఞానోదయమైంది. అన్నీ ఊడబీకాడు. వెనక గురి చూడడానికి సన్న బెజ్జం ఉన్న ఉంగరం, ముందు పాత పూస, భుజానికి ఒక తోలు పట్టీ. పెరట్లో ఆవిరిస్నానం చేసే ఆవిరిగది వెనక రేకు మూత పెట్టి కాలిస్తే నట్టనడుమ తగిలింది. బావ మొహం వెలిగిపోయింది. అక్క మొహం వాడిపోయింది.

"ఇంకొక్క ముక్కయితే బొంత మూల నిండిపోతుందయ్యా" అంది.

"అంటే నేను తప్పాలంటావా! పాత చొక్కా ఏదన్నా కత్తిరించుకో."

"తప్పని గుడ్డ నా బొంతలో పడదు. నువ్వు కొట్టేశావనుకో, ఇంక దానికి ఏం కొంటావు? చలికాలమంతా ఆ వంటింటి బల్ల దగ్గర మనిద్దరం ఏం మాట్లాడుకుంటాం?" అంది.

బావ రేకు మూత అందుకుని, దాని నడిమి చిల్లుకేసి చూశాడు.

వేట మొదలైన పొద్దున బావ పక్కనే కూర్చున్నాను. కొమ్ముల దుప్పి వచ్చి ఎదురుగా నిలబడింది. బావ కార్బైన్ ఎత్తాడు. ఈ అవకాశం కోసమే జీవితమంతా ఎదురుచూశాడు. గొట్టం వణక్కుండా దుప్పి భుజం మీద ఆగింది. ఆ తర్వాత మెల్లగా ఎడమకి జరిగి, పక్కనున్న భూర్జ చెట్టు మీదకి పోయింది. ఏం చేస్తున్నాడో అప్పుడర్థమైంది నాకు.

పేల్చాడు. ఆ క్షణంలోనే ఆ వెర్రి దుప్పి ఏం చూసి ఆశపడిందో, చెట్టు ముందుకి అడుగేసింది. అక్కడే కూలింది.

"కొట్టేశావ్ బావా!"

"నోర్ముయ్" అన్నాడు. ఏడుపు మొహం పెట్టాడు.

గుడిసెలో అందరూ వీపు చరుస్తుంటే బావ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "కత్తెర తెండి. తప్పాను" అన్నాడు.

మాలో పెద్దవాడు ఆర్వో కళ్లు పెద్దవి చేశాడు. "దుప్పి చచ్చింది కదటయ్యా!"

"నేను గురిపెట్టింది చెట్టుకి. కావాలంటే వీణ్ణి అడుగు."

"చెట్టుకే పెట్టాడు" అన్నాను.

"చెట్టునెందుకయ్యా కాల్చడం?"

"నా ఇష్టం. చెట్టుని కాల్చకూడదని ఆచారంలో ఉందా?"

అందరం మంచులో పడి వెళ్లి చెట్టు చుట్టూ తిరిగి చూశాం. గీత కూడా లేదు. ఆర్వో చాలాసేపు గడ్డం గోక్కుని, "తప్పినట్టే" అని తీర్పు చెప్పాడు. అంచు కత్తిరిస్తుంటే బావ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఇంటికొచ్చాక అక్క బండి మీది దుప్పిని చూడనేలేదు. బావని వెనక్కి తిప్పి, చొక్కా తడిమి, "నడుం మంచుగడ్డయిందయ్యా, ఆవిరిగదికి నడు" అంది.

మూల ముక్క కుట్టి బొంత పరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. బావ కాఫీ కప్పుతో బల్ల ముందు కూర్చున్నాడు.

"ఐలీ, ఆ ఉంగరంలో ఏదో తేడా ఉందే. చెట్టుకి పెడితే దుప్పికి తగిలింది."

అక్క కళ్లజోడు పెట్టుకుని, సామాన్ల బొమ్మల పుస్తకం తెరిచి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.